సంపు అనుకున్న తొట్టి

నీళ్ళు రాని ఆదివారాల్లో స్నానం చెయ్యకుండానే ప్రార్థనకి వెళ్ళేవాళ్ళా అమ్మమ్మా అని అడిగావు కదూ చిన్నదానా. వెళ్ళేవాళ్ళమమ్మా. చెంబుడు నీళ్ళతో ముందు ముఖం, తర్వాత మెడ, చేతులు, చివర కాళ్ళు. బేసినులో నిలబడి కడుక్కుంటే ఆ నీళ్ళు కరివేపాకు మొక్కకి పనికొచ్చేవి. ఆపైన మెడకీ వీపుకీ పౌడరు. ఆ వేసవిలో మా మందిరం తలుపు తీస్తే పాటకంటే ముందు పౌడరు వాసన బయటికి వచ్చేది. ఎవరూ ఎవరినీ ఏమీ అనుకునేవాళ్ళు కాదు. అందరం ఒకే పౌడరు డబ్బా మనుషులం.

మీ ఊళ్ళో ఇప్పుడు గడియారం చూసుకుని స్నానం చేస్తున్నారని మీ అమ్మ చెప్పింది. సముద్రం ఒడ్డున ఉన్న ఊరికి కూడా కుళాయి కట్టేసే రోజు వస్తుందని నేననుకోలేదు. టీవీ పెడితే ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో డబ్బాలు పట్టుకుని నిలబడి కనిపిస్తారు. వాళ్ళ భాష నాకు రాదు. ఆ నిలబడటం మాత్రం తెలుసు. బరువంతా ఒక కాలిమీద వేసి, కళ్ళు ముందున్నవాళ్ళ డబ్బామీద పెట్టి నిలబడతారు. నేనూ అలాగే నిలబడ్డాను. మీరు మరీ భయపడకండి అని చెప్పడానికే ఇప్పుడు మీ తాతయ్య బాప్తిస్మం సంగతి చెబుతున్నాను. మీ అమ్మని అడిగితే నవ్వడమే గాని సరిగా చెప్పదు.

తొంభైలు అయిపోవస్తున్న రోజులవి. మేం మాదాపూర్‌లో ఒక సందులో కిరాయికి ఉండేవాళ్ళం. మీరు ఫోటోల్లో చూసే అద్దాల మేడలన్నీ తర్వాత వచ్చాయి. అప్పటికి గుండ్రటి మేడ ఒక్కటే లేస్తోంది. దాని చుట్టూ బండరాళ్ళు, సీతాఫలం పొదలు. మధ్యాహ్నం పూట బండలు పేలిస్తే మా వంటింట్లో గిన్నెలు గలగలలాడేవి. మీ తాతయ్య బాలానగర్‌లో ఒక కార్ఖానాలో లేతు మిషను మీద పనిచేసేవారు. నేను మదీనాగూడ వైపు ఒక చిన్న బడిలో పసిపిల్లలకి అక్షరాలు దిద్దించేదాన్ని. మీ అమ్మ ఇంటర్ చదువుతోంది.

మేం కోస్తా నుంచి వచ్చిన కొత్తలో ఇంటి వెనక చేతిపంపు కొడితే నీళ్ళు పడేవి. ఆ ఏడు వేసవికి పంపు కొడితే ముసలాయన దగ్గినట్టు చప్పుడు వచ్చేది గాని చుక్క రాలేది కాదు. బోరు లారీలు వచ్చి ఖాళీ స్థలాల్లో నేల తొలిచేవి. ఆ తెల్లటి రాతిపొడి మేం ఆరేసుకున్న బట్టలమీద పడేది. దులుపుకుని మళ్ళీ కట్టుకోవడమే, ఉతకడానికి నీళ్ళేవి? ఒకళ్ళు లోతుకి వేస్తే పక్కవాళ్ళ బోరు ఎండిపోయేది. పక్కవాళ్ళు ఇంకా లోతుకి వేసేవాళ్ళు. మాలాంటి కిరాయిల వాళ్ళకి ట్యాంకరే దిక్కు. అది ఎప్పుడు వస్తుందో దానికే తెలియాలి.

అందుకని సందు మొదట్లో బిందెలు వరుసగా పెట్టి ఎవరి పనికి వాళ్ళు పోయేవాళ్ళం. బిందె ఉంటే మనిషి ఉన్నట్టే లెక్క. ఒకరి బిందెని పక్కకి జరపడమంటే ఆ మనిషిని జుట్టు పట్టుకుని పక్కకి లాగడమే. అంత గొడవ అయ్యేది. చొట్టపడ్డ ఇత్తడి బిందె ఎవరిది, మూతికి ఎర్రరంగు పూసిన స్టీలు బిందె ఎవరిది, సందులో అందరికీ తెలుసు. కొందరి పేర్లు నాకు ఇప్పటికీ తెలియవు గాని వాళ్ళ బిందెలు కళ్ళముందు ఉన్నాయి.

నా బిందె వెనకే ఎప్పుడూ ఒక ఆకుపచ్చ ప్లాస్టిక్ బిందె ఉండేది. అది పాలమూరు నుంచి వచ్చినామెది. ఆమె, ఆమె మొగుడు గుండ్రటి మేడ దగ్గర ఇసుక, కంకర మోసేవాళ్ళు. సన్నటి మనిషి, గొంతు మాత్రం సందు ఈ చివరి నుంచి ఆ చివరికి వినిపించేది.

"నీళ్ళు లేవనే గదా టీచరమ్మా ఊరిడిసిపెట్టి వచ్చినం," అనేది. "గీడికి రాంగనే గీ నీళ్ళు గూడ మమ్ముల జూసి ఉరికినయి. మా మొకం గట్లున్నది."

"మీ ఒక్కళ్ళ ముఖం చూసేనా? మా ముఖాలు చూసి కాదూ?" అనేదాన్ని.

"మీ మొకానికి పౌడరున్నది గద. నీళ్ళు గుర్తువట్టలె."

అంత ఎండలోనూ నవ్వొచ్చేది.

ఆ నీళ్ళ కరువే మీ తాతయ్య ఒంట్లోకి వచ్చి కూర్చుంది. కార్ఖానాలో తాగే నీళ్ళ డ్రమ్ము మధ్యాహ్నానికే అడుగంటేది. ఇంటికొచ్చాక నేను గ్లాసు ఇస్తే, "నాకు దాహంగా లేదే, పిల్లకివ్వు" అనేవారు. దాహం లేకపోవడమేమిటి, రోజంతా వేడెక్కిన మిషను పక్క నిలబడి వచ్చిన మనిషికి? నడుము పట్టుకుని ఒక సాయంత్రం గడపలోనే కూలబడిపోతే దవాఖానకి తీసుకెళ్ళాం. మూత్రపిండంలో రాయి. పెద్దదైపోయింది, కోసి తియ్యాలన్నారు. సోమవారం రమ్మన్నారు.

"రోజుకి ఎన్ని నీళ్ళు తాగుతావని అడిగాడే డాక్టరు," అన్నారు ఇంటికొచ్చాక. "బిందెడు తాగాలంట."

"మన వంతు బిందె ఎన్నోదో అడగలేకపోయారా?"

ఆయన నవ్వబోయి నడుము పట్టుకున్నారు. గోడకి ఆనుకుని కూర్చుని, ఉన్నట్టుండి, "ఏమే, మత్తిస్తే మనిషి ఎక్కడికి పోతాడంటావు?" అన్నారు.

"ఎక్కడికీ పోడండీ. ఆ మంచమ్మీదే ఉంటాడు."

"నేనడిగేది అది కాదు." గొంతు తగ్గించారు. "మీ పాస్టరుగారిని అడుగు. సోమవారం లోపల నన్ను ముంచుతారేమో."

చేతిలో ఉన్న గ్లాసు కింద పెట్టేశాను. ఎందుకో మీకు తెలియాలంటే ఒక సంగతి చెప్పాలి. మా పుట్టింటివాళ్ళ సంఘంలో బాప్తిస్మం పెద్దయ్యాక, ఎవరంతట వాళ్ళు కోరుకుని తీసుకుంటారు. నీళ్ళలో పూర్తిగా మునగాలి. తలమీద పిడికెడు జుట్టు పొడిగా ఉన్నా మళ్ళీ ముంచుతారు. మీ తాతయ్య వాళ్ళ సంఘంలో పసిబిడ్డ నుదుటిమీద నీళ్ళు చల్లి ఆ పని అయిందనిపిస్తారు. పెళ్ళయినప్పటి నుంచి నేను అడుగుతూనే ఉన్నాను, ఆయన తప్పించుకుంటూనే ఉన్నారు. కరువొచ్చాక ఆయనకి మంచి సాకు దొరికింది. "చూశావా, మీకంటే మావాళ్ళకే ముందుచూపు. నాలుగు చుక్కలతో పని కానిచ్చేశారు. మీకైతే చెరువు కావాలి," అని మందిరంలో అందరి ముందూ నన్ను ఏడిపించేవారు. అలాంటి మనిషి తనంతట తనే అడిగారు. ఎందుకని నేను అడగలేదు. భయపడుతున్నారని ముఖంలోనే కనిపిస్తోంది. ఆపరేషన్ అయ్యాక చూద్దామంటే కుట్లు ఆరేదాకా నీళ్ళలోకి దిగకూడదు. ఆ మాట ఆయన కూడా డాక్టరుని అడిగి తెలుసుకుని వచ్చారట. అంటే దవాఖానలో ఉన్నప్పుడే అనుకున్నారన్నమాట.

మా మందిరం రేకుల షెడ్డు. వెనక ఖాళీ స్థలంలో, ఇళ్ళల్లో నీళ్ళు నిలవ చేసుకునే సంపులాగే నేలలోకి తవ్వి కట్టిన సిమెంటు తొట్టి ఉండేది, లోపలికి మెట్లు, పైన చెక్కలు. అంతకుముందు దగ్గర్లోని చెరువులో ముంచేవాళ్ళు. చెరువులో గుర్రపుడెక్క, మురికి చేరాక తొట్టి కట్టారు. ఆ ఏడాది తొట్టిలో నీళ్ళు లేక విరిగిన కుర్చీలు, పాత టార్పాలిన్ వేసి పెట్టారు. పాస్టరుగారు తెనాలి వైపు మనిషి, లావుగా, నెమ్మదిగా ఉండేవారు. ఆయన దగ్గరికి వెళ్ళి సంగతంతా చెప్పాను.

"ట్యాంకరు తెప్పించమంటారా అండీ?" అన్నాను.

"తెప్పించవచ్చమ్మా. సందులో ఆడాళ్ళు బిందెలు పెట్టుకుని రోజుల తరబడి చూస్తున్నారు. వాళ్ళ కళ్ళముందు మనం ట్యాంకరు నీళ్ళు గోతిలో పోసుకుంటే ఏం సాక్ష్యం చెప్పినట్టు? వానలు పడనివ్వండి, నేనే ముంచుతాను."

"వానలదాకా అంటే ఆపరేషన్..."

"దేవుడికి ఆయన మనసు తెలుసమ్మా."

దేవుడికి తెలుసు. నాకూ తెలుసు. ఆయనకి తెలియాలి కదా, తాను మునిగానని. అది పాస్టరుగారికి ఎలా చెప్పాలో తెలియక తలూపి వచ్చేశాను.

మందిరానికి వచ్చే ఆడవాళ్ళు మాత్రం ఊరుకోలేదు. తలా ఒక బిందె తెద్దామన్నారు. శనివారం పొద్దున పైన చెక్కలు, లోపలి కుర్చీలు తీసి, తొట్టి ఊడ్చి, ఒక్కొక్కళ్ళూ తెచ్చి పోశారు. ఒకామె సగం బకెట్ తెచ్చింది. ఒకామె టిఫిన్ క్యారియర్ మూడు గిన్నెల్లోనూ నింపుకుని మూత బిగించి తెచ్చింది. అందరూ నవ్వినా ఆమె మాత్రం ఎంతో జాగ్రత్తగా గిన్నె తర్వాత గిన్నె వంచింది. అన్నీ పోస్తే చీలమండ మునిగింది. సాయంత్రం మళ్ళీ వెళ్ళి చూస్తే తొట్టి అడుగు తడిగా నల్లబడి ఉంది, అంతే. నెలల తరబడి ఎండిన సిమెంటు తనకి కావలసింది తను తాగేసింది. అందరూ పిల్లల నోటి దగ్గర నుంచి తెచ్చిన నీళ్ళవి. ఇంటికొచ్చి మీ తాతయ్యకి చెబితే, "దానికీ రాళ్ళు రాకుండా తాగుతున్నట్టుంది," అన్నారు. జోకు వేశారు గాని గోడ వైపు తిరిగి పడుకున్నారు.

ఆదివారం ఆయన తెల్ల పంచె, తెల్ల లాల్చీ వేసుకున్నారు. బాప్తిస్మం తీసుకునేవాళ్ళు వేసుకునే బట్టలవి. "ఎందుకండీ ఇవి?" అంటే, "ఉతికి ఉన్నవి ఇవే," అన్నారు. మీ అమ్మ సంచిలో తువ్వాలు కూడా పెట్టుకుంది.

రెండో పాటలో ఉండగా బయట లారీ వెనక్కి వస్తున్న చప్పుడు, ఆ వెంటనే నీళ్ళ మోత. మందిరంలో పాడేవాళ్ళు ఒక్కొక్కళ్ళే ఆగిపోయారు. ఆ మోత వినగానే తలలు అటు తిరిగిపోయేవి అప్పట్లో, ఎక్కడున్నా సరే. అందరం వెనక తలుపులోంచి వెళ్ళి చూస్తే గేటులోకి వచ్చిన ట్యాంకరు నుంచి లావుపాటి గొట్టం మా తొట్టిలోకి వేసి ఉంది. అప్పటికే అడుగు మెట్లు కనబడటం లేదు. డ్రైవరు టైరు పక్కన కూర్చుని బీడీ వెలిగిస్తున్నాడు.

"ఎవరు పంపారు బాబూ?" అన్నారు పాస్టరుగారు.

"మా సేటు."

"ఎవరు పొయ్యమన్నారు ఇక్కడ?"

"గుడి ఎనకాల సంపు, మూత దీసి ఉంటది అన్నరు. గిది గుడి గాదా? గిది సంపు గాదా? మూత గూడ దీసే ఉన్నది."

"ఇది సంపు కాదయ్యా. బాప్తిస్మపు తొట్టి."

డ్రైవరు లేచి వచ్చి తొంగి చూశాడు. "మెట్లున్నయేందని నేను గూడ అనుకున్న. కడుగనీకి మంచిగున్నది అనుకున్న. అయితే గిప్పుడేం జెయ్యమంటవు సారూ? పోసింది మల్ల గుంజనీకి నా తాన మోటరు లేదు."

"ఎవరో పాపం ఎదురు చూస్తుంటారు కదా."

"జర ఆగండ్రి, సేటునడిగి వస్త," అని మిగిలింది కూడా కారిపోనిచ్చి గొట్టం చుట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

తొట్టి నిండింది. ఎండ పడి ఆ నీళ్ళ నీడ రేకుల గోడమీద కదులుతోంది. మా సంఘం పెద్ద ఒకాయన చేతులు పైకెత్తి స్తోత్రం అన్నాడు. నేను మీ తాతయ్య వైపు చూశాను. ఆయన తొట్టి వైపు చూస్తున్నారు, పంచె అంచు పిడికిట్లో పట్టుకుని.

ట్యాంకరు వచ్చిన మాట సందులోకి పాకడానికి ఎంతసేపు కావాలి? గేటు దగ్గర అప్పుడే బిందెలు వచ్చేశాయి. ముందు ఎర్రమూతి స్టీలు బిందె, దాని వెనక చొట్ట ఇత్తడి బిందె, వాటి వెనక ఇంకా ఇంకా. ఆకుపచ్చ ప్లాస్టిక్ బిందె కూడా ఉంది.

"ముందు బాప్తిస్మం కానివ్వండి పాస్టరుగారూ. ఆ తర్వాత పట్టుకుపోతారు," అన్నాడు స్తోత్రం చెప్పినాయన.

గేటు దగ్గర నుంచి ఒకామె వినేసింది. "ఏందీ? మనిషి స్నానం జేసిన నీళ్ళు మేం తాగాలెనా? మీరు తాగుతరా గట్ల?"

"స్నానం కాదమ్మా, బాప్తిస్మం."

"పేరేదైతేంది, మనిషి మునిగిండా లేదా?"

గోల మొదలైంది. దేవుడు పంపిన నీళ్ళని మావాళ్ళంటారు, ట్యాంకరు అందరిదని వాళ్ళంటారు. పాస్టరుగారు చెయ్యెత్తారు. మొన్న నాతో అన్నట్టే అన్నారు. ముందు తాగడానికి. అందరూ పట్టుకోండి. మిగిలినదాని సంగతి తర్వాత.

ఆయన అన్నది న్యాయమే. ఒప్పుకుంటాను. కానీ ఎవరు బిందె ముంచినా నా కళ్ళు మెట్లమీదికే పోయేవి. వరుసలో వస్తున్నారు, ఒంగుతున్నారు, బుడబుడమని నిండుతోంది, పోతున్నారు. పై మెట్టు ఆరింది. తర్వాతి మెట్టు బయటపడింది. మీ తాతయ్య కుర్చీలో కూర్చుని ఒక్కొక్క మెట్టూ బయటికి రావడం చూస్తున్నారు. ఆపమని ఆయన అనలేదు. అంటారనీ నేను అనుకోలేదు. తనకి దాహం లేదన్న మనిషి కదా.

పాలమూరామె వంతు వచ్చింది. బిందె సగం ముంచి తలెత్తి ఆయన్ని చూసింది.

"సారేంది టీచరమ్మా, పెండ్లికొడుకు లెక్క తెల్లబట్టలేసుకోని గట్ల కూసున్నడు?"

చెప్పాను. రేపు ఆపరేషన్ అని, ఆ లోపల నీళ్ళలో పూర్తిగా మునగాలని అనుకుంటున్నారని. నా గొంతు ఆ గోలలో ఆమెకే వినబడి ఉంటుంది.

"మొక్కా?" అంది.

మా భాషలో అది మొక్కు కాదు. కానీ ఆ నిమిషంలో దానికంటే దగ్గర మాట నాకూ దొరకలేదు. "అలాంటిదే," అన్నాను.

ఆమె సగం నిండిన బిందె పైకి లాగి, తొట్టి అంచుమీద అడ్డంగా నిలబడింది. "ఇగ బంద్! ఎవలూ ముంచకుండ్రి."

"నువ్వెవలవే బంద్ అననీకి? నీది పట్టుకొని మాది బంద్ అంటవా?"

"నాది సగమే పట్టిన, కండ్లు లేవా? సారుకు రేపు ఆపరేషన్ ఉన్నది. దేవునికి మొక్కుకున్నడు. మొక్కు దీరకుంట దవాఖానకు ఎట్ల పోతడు? నీ మొగడైతే పంపుతవా?"

"ఇంక మా ఇంట్ల చుక్క లేదు..."

"ఇగో, నాది తీస్కపో," అని ఆ సగం బిందె ముందుకి తోసింది. ఆ అడిగినామె తీసుకోలేదు. తన ఖాళీ బిందె చంకలో పెట్టుకుని పక్కకి జరిగి నిలబడింది. "గింత మాట ముందుగాల్నే జెప్పొచ్చు గద," అని గొణుక్కుంది. "మొక్కు అంటే మేమేమన్న కాదంటిమా?"

వరుస ఆగింది. వెళ్ళిపోలేదు ఎవరూ. బిందెలు కింద పెట్టి, పిల్లల్ని చంకకెత్తుకుని, చూడటానికి చుట్టూ నిలబడ్డారు.

పాస్టరుగారు మీ తాతయ్య చెయ్యి పట్టుకుని మెట్లు దిగారు. నీళ్ళు మోకాళ్ళకి కొంచెం కింద. నిలబడి ముంచే పని కాదు. కూర్చోబెట్టారు. నడుము నొప్పికి ఆయన పళ్ళు బిగించుకుని కూర్చున్నారు. వెనక్కి పడుకోబెడితే తల మునిగింది, కాళ్ళు మునిగాయి. పొట్ట మాత్రం లాల్చీతో సహా గుండ్రంగా పైనే ఉండిపోయింది. మోకాళ్ళు ఒత్తితే పొట్ట లేస్తోంది, పొట్ట ఒత్తితే మోకాళ్ళు లేస్తున్నాయి. చంకలో పిల్లలు కిలకిలా నవ్వేశారు. మీ అమ్మ తువ్వాలు నోట్లో కుక్కుకుంది.

"ఇంత మునిగింది చాలు కదండీ," అన్నాను నేను.

"చాలదమ్మా," అన్నారు పాస్టరుగారు నీళ్ళలో గొంతుక్కూర్చుని. ఆయన ముఖం ఎర్రబడింది. మిగతా విషయాల్లో మెత్తటి మనిషి, ఈ ఒక్కదాంట్లో కాదు.

మీ తాతయ్య లేచి కూర్చుని ముఖం తుడుచుకున్నారు. నేననుకున్నాను, ఇక నిరాశపడిపోతారని. ఆయన పొట్ట చూసుకుని, నీళ్ళు చూసి, తొట్టి నాలుగు గోడలూ చూశారు. కార్ఖానాలో ఇనపముక్కని కొలిచేటప్పుడు అలాగే చూసేవారు.

"పాస్టరుగారూ, మీరొక్కరే చాలరు. మగాళ్ళందరినీ దిగి కూర్చోమనండి."

"ఎందుకయ్యా?"

"నీళ్ళు పెంచలేం కదండీ. మనుషుల్ని పెంచుదాం. నీళ్ళే పైకొస్తాయి."

పాస్టరుగారికి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. స్తోత్రం చెప్పినాయన చెప్పులు విప్పేశాడు. గడియారం తీసి జేబులో పెట్టబోయి, జేబు కూడా మునుగుతుందని గుర్తొచ్చి మీ అమ్మ చేతికిచ్చాడు. ఆదివారం ఇస్త్రీ ప్యాంట్లతో ఒక్కొక్కళ్ళే దిగి, గోడ వెంబడి, మోకాళ్ళు గుండెలకి పెట్టుకుని కూర్చున్నారు. ఒకడు దిగితే నీళ్ళు వేలెడు లేచాయి. ఇంకొకడు దిగితే ఇంకొంచెం. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు, "ఇంకొకలు దిగుండ్రి, ఇంకొకలు," అని అరుస్తున్నారు. పాలమూరామె మొగుడు నీళ్ళు మోయడానికి వచ్చి గేటు దగ్గర నిలబడితే, "నువ్వేం జూస్తున్నవ్, నువ్వు గూడ దిగు," అని తోసింది. అతను సిగ్గుపడుతూ సిమెంటు మరకల లుంగీతోనే దిగి మూలకి కూర్చున్నాడు.

"క్రైస్తవుడు కాదుగా," అన్నారెవరో.

"బరువున్నాడు కదా, చాలు," అన్నారు మీ తాతయ్య.

అప్పుడు పాస్టరుగారు ఆయన భుజాల కింద చెయ్యి వేసి, చెప్పవలసిన మాటలు చెప్పి, వెనక్కి వంచారు. ముఖం మునిగింది. ఛాతీ మునిగింది. పొట్టమీద లాల్చీ ఒక్కసారి బుడగలా ఉబ్బి, గాలి పోయి, అదీ లోపలికి వెళ్ళింది. నీళ్ళు మూసుకున్నాయి. ఒక్క క్షణం ఆయన లేరు.

"మునిగిండు! మునిగిండు!" అని పాలమూరామె చప్పట్లు కొట్టింది.

పైకి వచ్చాక ఆయన నోరు తెరిచి గాలి పీల్చుకుని నావైపు చూశారు. ఆ చూపు మీకు ఎలా చెప్పను? ఆ నాలుగు రోజులూ ముఖంమీద ఉన్న భయం నీళ్ళలోనే దిగిపోయినట్టుంది. నేను అక్కడే రాతిపొడిలో కూర్చుండిపోయాను. మీ అమ్మ పొడి తువ్వాలు ఆయనకి ఇవ్వడం మరిచిపోయి నా కళ్ళు తుడిచింది.

తొట్టిలో మిగిలిన నీళ్ళు కూడా వృథా పోలేదు. ఆ నీళ్ళు మేం తాగం అన్నవాళ్ళే గిన్నెలు తోముకోవడానికి, బట్టలకి పట్టుకెళ్ళారు. చివర బురదనీళ్ళు పాలమూరామె మొగుడు పక్కన కడుతున్న గోడమీద చల్లాడు. సగం బిందె మాత్రం ఆమె వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళింది, చంకలో పెట్టుకుని, తడి మొగుణ్ణి తిట్టుకుంటూ.

మర్నాడు ఆపరేషన్‌కి ఆయన నవ్వుతూ వెళ్ళారని చెప్పను. వణికారు. కానీ దవాఖానవాళ్ళు విడిపించేదాకా నా చెయ్యి పట్టుకుని ఉండలేదు, తనే వదిలేశారు. మత్తు దిగాక మొదట అడిగింది నీళ్ళు. ఇవ్వకూడదన్నారు, దూదితో పెదాలు తడిపాను. "నువ్వూ మావాళ్ళ పద్ధతికే వచ్చావన్నమాట, నాలుగు చుక్కలేనా?" అన్నారు. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది, ఇక ఈయనకేం కాదని. ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికారు. రోజుకి బిందెడు కాకపోయినా, గ్లాసు ఇస్తే కాదనకుండా తాగారు.

వానలు కూడా వచ్చాయి, కొంచెం ఆలస్యంగా. తర్వాత దూరం నుంచి నదుల నీళ్ళు గొట్టాల్లో తెచ్చారు. మేం నల్లగండ్లకి మారాక అపార్టుమెంటులో కుళాయి తిప్పితే నీళ్ళు వచ్చేవి. ఎండాకాలం వస్తే ఆ అపార్టుమెంటు ముందు కూడా ట్యాంకర్లు వరుసగా నిలబడతాయి గాని, ఇప్పుడు బిందెలు పెట్టేవాళ్ళు లేరు. అందుకే చెబుతున్నాను, మీరు మరీ బెంగపెట్టుకోకండి. నీళ్ళు తక్కువైనప్పుడు మనుషులు కొట్టుకుంటారు, నిజమే. దిగి కూర్చోవడం కూడా తెలుసు వాళ్ళకి. నేను చూశాను.

ఒక్కటే నాకు తేలలేదు. ఆపరేషన్ అయ్యాక, ఆయన ఇంటికొచ్చాక, నేను ఆ ట్యాంకరు డ్రైవరు కోసం చూశాను. రోడ్డుమీద వెళ్ళే ప్రతి ట్యాంకరునీ ఆపి అడిగాను. ఎవరూ తెలియదన్నారు. పాస్టరుగారిని అడిగితే, "దేవుడు పంపాడమ్మా, అంతకంటే ఏం కావాలి?" అన్నారు. పాలమూరామెని అడిగితే, "ఎవలదో ఒకలదే ఉంటది టీచరమ్మా," అని తలమీద బిందె సర్దుకుంది. చుట్టుపక్కల గుడులు, మసీదులు, వాటి వెనక సంపులు ఎక్కడున్నాయో వెతుక్కుంటూ కొన్నాళ్ళు నడిచాను కూడా. ఒక్కళ్ళూ మాదే అనలేదు. దేవుడే పంపాడని నేనూ నమ్ముతాను. కానీ ఆ ఆదివారం పొద్దున ఎక్కడో ఒక గుడి వెనక ఎవరో సంపు మూత తీసిపెట్టి, బిందెలు వరుసగా సర్దుకుని, రోడ్డు వైపు చూస్తూ నిలబడి ఉంటారు కదా. వాళ్ళెవరు?